ఏ విలియం జాన్?

మార్చి 3, సోమవారం

ఫిజీ నుంచి వచ్చిన కొత్త నర్సు లోసలీని, మా అందరికీ లోసా, నా ప్రాణం తోడేస్తోంది. చేరి ఆరు వారాలైంది. మంచి పిల్ల, పని తెలుసు, సూది వేసినా వేసినట్టే తెలియదంటారు అందరూ. కానీ మాత్ర ఇవ్వాలన్నా, రక్తం తియ్యాలన్నా, ఆఖరికి కాలికి కట్టు మార్చాలన్నా ప్రతిసారీ అదే పాట. "మీ పూర్తి పేరు చెప్పండి. పుట్టిన తేదీ చెప్పండి." ఆ తర్వాత చేతికి కట్టిన పట్టీ తిప్పి చూసి, కాగితంతో సరిచూసుకుని, అప్పుడు గానీ చెయ్యి కదపదు. పద్నాలుగు పడకల ఆసుపత్రి ఇది!

ఇవాళ మూడో గదిలో కర్లీ అననే అన్నాడు. "పొద్దున అడిగావు, మధ్యాహ్నం అడిగావు. ఈలోగా నేనేమన్నా పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మార్చుకున్నానా అమ్మాయ్?"

వార్డంతా ఒకటే నవ్వులు. లోసా కూడా నవ్వింది. నవ్వి, "ఆ సంబంధమేదో తర్వాత చూద్దాం తాతగారూ, ముందు పుట్టిన తేదీ చెప్పండి" అంది.

నేను పోర్ట్ ట్రెవెన్ ఆసుపత్రిలో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఉన్నాను. ఇక్కడికొచ్చే వాళ్ళలో కొందరు నా చేతుల్లో పుట్టినవాళ్ళు, మిగిలినవాళ్ళు నన్ను ఎత్తుకున్నవాళ్ళు. వాళ్ళని పేరడగడమంటే మా అమ్మని పట్టుకుని నీ పేరేంటని అడిగినట్టే. ఆ మాటే లోసాకి చెప్పాను. "అలాగే సిస్టర్" అని బుద్ధిగా తలూపింది. పక్క గదిలోకి వెళ్ళి మళ్ళీ అడిగింది.

మార్చి 4

ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చే తనిఖీ వాళ్ళు ఈ నెల్లోనో వచ్చే నెల్లోనో దిగుతారట. ఇదివరకైతే చాలా ముందుగానే తేదీ చెప్పేవాళ్ళు. గోడలకి రంగులేసుకుని, కొత్త దుప్పట్లు పరుచుకుని పెళ్ళివారిలా ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు ముందురోజు ఫోన్ చేసి ఊడిపడతారు. పోయినసారి రెండు లోపాలు రాసి వెళ్ళారు. ఈసారి పెద్దదేదన్నా దొరికి గుర్తింపు పోతే రాత్రిపూట పడకలు మూసేస్తారు. పై ఆఫీసు వాళ్ళు ఆ మాట అనలేదు, అనకుండానే అర్థమయ్యేలా చెప్పారు. అవతలి ఊరి ఆసుపత్రికి ఎనిమిదేళ్ళ కిందట అదే జరిగింది. ఇప్పుడక్కడ యోగా నేర్పుతున్నారు. గుండెనొప్పి వచ్చినవాడు గంటసేపు కారులో పోవాలి.

నేనుండగా ఇక్కడ అది జరగదు.

మార్చి 7

పీతలు పట్టే కాలం. కర్లీ బాధ చూడలేకపోతున్నాం. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంటుంది, ఊరంతా గాలాలూ బుట్టలూ పట్టుకుని మోకాల్లోతు నీళ్ళలో ఉంటుంది, తనేమో కాలి పుండుతో పడక మీద. నిన్న అతని చిన్నాన్న కొడుకు బ్లూ కూడా వచ్చి ఆరో గదిలో చేరాడు. గుండె దడ.

లోసా ఇద్దరి కాగితాలూ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "సిస్టర్, ఇద్దరూ విలియం జాన్ పెన్‌రోజే. పుట్టినతేదీ ఒక్కటే తేడా. చార్టు మీద హెచ్చరికగా ఎర్ర కాగితం అంటించనా?"

నాకు నవ్వొచ్చింది. పెన్‌రోజ్‌ల ఇంట్లో పెద్దకొడుకు ఎవడైనా విలియం జానే, వాళ్ళ ముత్తాత పేరు. ఆ పేరుతో పిలిస్తే ఇద్దరిలో ఒక్కడూ పలకడు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు కనక ఒకడు కర్లీ, ఉంగరాల జుట్టువాడు. జుట్టు ఎర్రన కనక ఇంకొకడు బ్లూ. మా ఊళ్ళో పేర్లు పెట్టే తీరే అంత, తలకిందులుగా.

"ఒకాయనది గుండు, ఒకాయనది ఎర్ర జుట్టు. చంటిపిల్ల కూడా పోల్చుకుంటుంది. ఎర్ర కాగితాలూ వద్దు, పచ్చ కాగితాలూ వద్దు" అన్నాను.

కర్లీ నాకు ఇవాళ్టివాడా? చిన్నప్పుడు మా స్కూలు బస్సు నడిపింది అతనే. పిల్లలం అందరం కళ్ళెదుటే కూర్చుని ఉన్నా, పేరుపేరునా పిలిచి, మేం "ఉన్నాను" అంటే గానీ బండి తీసేవాడు కాదు. ఆఖరి పేరయ్యాక "ఇక బస్సు కదలొచ్చు" అనేవాడు. ఇప్పటికీ అతను నన్ను లిన్ అనే పిలుస్తాడు. ఊరందరికీ నేను సిస్టర్ ట్రెవార్తాని.

మార్చి 11

కర్లీకి పొద్దున కళ్ళు తిరిగాయి. ఉక్కగా ఉంది. సాయంత్రానికి లేచి కూర్చుని పీతల గురించి సణిగాడు. ఏమీ కాలేదు.

మార్చి 12

ఏమీ కాలేదు. అయినా రాస్తాను. నా పుస్తకం, ఎవరు చూడొచ్చారు.

నిన్న పొద్దున డాక్టరు దగ్గర్నుంచి కొత్త మందుల కాగితం వచ్చింది. గుండె వేగం తగ్గించే మాత్ర, విలియం జాన్ పెన్‌రోజ్‌కి. ముందురోజు కర్లీ గుండెల్లో దడగా ఉందన్నాడు. అందుకని ఇది అతనికే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, నాకు తెలుసు. కాగితం మూలన పుట్టినతేదీ ఉంది. చూడలేదు. మూడో గదికి వెళ్ళి ఇచ్చాను. అతను నోరు తెరిచాడు, నీళ్ళిచ్చాను.

గంటన్నరకి కళ్ళు తిరిగాయన్నాడు. నాడి నలభై రెండు. బల్ల దగ్గరికి పరిగెత్తి కాగితం చూశాను. 19-9-1949. బ్లూది. కర్లీ పుట్టింది నలభై ఏడు మేలో.

డాక్టరుకి ఫోన్ చేసి నాడి తగ్గిందన్నాను, కనిపెట్టి ఉండమన్నాడు. ఎందుకు తగ్గిందో చెప్పలేదు. రోజంతా కర్లీ పక్కనే కూర్చున్నాను. సాయంత్రానికి యాభై ఎనిమిదికొచ్చింది. మధ్యాహ్నం బ్లూ తన మాత్రేదని అడిగితే, మరిచిపోయానని చెప్పి ఇచ్చాను. అప్పుడు లోసా పక్కనే ఉంది.

పొరపాట్ల ఫారం నింపాలి. ఏమీ జరగనప్పుడు ఏమని నింపను? తనిఖీ నెత్తిమీద ఉన్నప్పుడా?

మార్చి 14

తనిఖీ వాళ్ళకి చూపించే ప్రమాదాల పటం నింపాను. గళ్ళ కాగితం. ఏ ప్రమాదానికైనా రెండే ప్రశ్నలు: ఎంత తరచుగా జరగొచ్చు, జరిగితే ఎంత నష్టం. ఆ రెండు జవాబులూ కలిసే గడి ఆకుపచ్చో పసుపో ఎరుపో అవుతుంది. స్నానాలగదిలో జారిపడటం పసుపు. అగ్నిప్రమాదం పసుపు. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వడం: అరుదు, నష్టం కొద్దిపాటిది. ఆకుపచ్చ.

చక్కగా వచ్చింది. దస్తూరీ కూడా బాగుంది.

మార్చి 15

అరుదే. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి జరిగితే అరుదు కాక ఏమిటి?

అదే రోజు, మళ్ళీ

ఒక్కసారే అని నాకెలా తెలుసు? చూసుకుంటేగా.

మార్చి 16, ఆదివారం

టీ గదిలో లోసా, నేను. ఉన్నట్టుండి అంది, "సిస్టర్, నేను అందర్నీ పేర్లెందుకు అడుగుతానో మీకు చెప్పలేదు కదా."

చెప్పమన్నాను. చెప్పకపోతే బాగుండుననుకుంటూనే.

వాళ్ళ దీవిలో బిడ్డ పుడితే బంధువుల్లో ఒకరి పేరు పెడతారట. పేరు పంచుకున్న ఇద్దరికీ జీవితాంతం ప్రత్యేకమైన అనుబంధం. తనకీ, తన పెదనాన్న కూతురికీ నాన్నమ్మ పేరే. ఊళ్ళో ఇద్దరు లోసలీనిలు. ఊరి ఆసుపత్రిలో నర్సు సొంత మేనత్త.

"ఇద్దరికీ ఒకేసారి జ్వరం. సూది నాకని రాశారు. అక్కకి ఆ మందు పడదు. అత్తకి మేమిద్దరం అరచేతిలో గీతల్లా తెలుసు. అంతగా తెలుసు కాబట్టే చీటీ చూడలేదు."

"తర్వాత?"

"అక్కకి తొమ్మిదేళ్ళు, సిస్టర్. అప్పుడే పోయింది."

లోసా లేచి కప్పులు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది. "అత్త చెడ్డ నర్సు కాదు. మా ఊళ్ళో ఆవిడంత మంచి నర్సు లేదు."

కర్లీ మాత్ర సంగతి ఆ పిల్లకి తెలుసు. ఆ సంగతి నాకు అర్థమైందనీ తెలుసు.

మార్చి 17

ఫోనొచ్చింది. రేపే.

మార్చి 18, మంగళవారం

ఇద్దరొచ్చారు. ఒకాయన తలుపులూ నిప్పార్పే గొట్టాలూ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. రెండో ఆవిడ పేరు ఒడెట్ ఫరూజియా. సన్నగా, చప్పుడు చెయ్యని బూట్లతో, మనం మాట్లాడుతుంటే మన చేతుల వంక చూస్తుంది. నిప్పంటుకుంటే ఏం చేస్తావని తుడిచే ఆవిడని అడిగింది. స్నానాల గదిలో వేడి నీళ్ళ కింద తన చెయ్యే పెట్టి చూసింది. మందుల బీరువాలో వెనక వరస డబ్బాల మీద గడువు తేదీలు చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు ఊపిరాడటం మొదలైంది.

అప్పుడు నా గళ్ళ పటం తీసింది. ఆకుపచ్చ గడి మీద వేలు పెట్టింది.

"ఇది అరుదు అని ఎలా తేల్చారు?"

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నానండీ. అందర్నీ ఎరుగుదును."

"నేను భయపడేది అలాంటి చోట్లకే" అంది మామూలుగా, నవ్వకుండా. పుస్తకంలో ఏదో రాసుకుని, రోగుల జాబితా మీద కళ్ళు మూసుకున్నట్టుగా పెన్ను పెట్టింది. "రేపు ఒక రోగిని పట్టుకుని, చేరినప్పట్నుంచి ఇవాళ్టిదాకా అన్నీ చూస్తాను. ఈయన, విలియం జాన్ పెన్‌రోజ్."

"ఏ విలియం జాన్?" అన్నాను.

నా నోరే అంది. ఆవిడ పెన్ను ఆగింది.

"ఇద్దరున్నారా?"

ఎర్ర కాగితం లేదు. ఎక్కడా ఏ గుర్తూ లేదు. వద్దన్నది నేనే. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న నేను అడగడం అదే మొదటిసారి. కర్లీ పడక దగ్గర అడగాల్సింది, తనిఖీ ఆవిడ ముందు అడిగాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. దాచి నెగ్గితే పడకలు ఉంటాయి. ఆ పడకల్లో పడుకునేవాళ్ళని ఏ మొహంతో చూడను? చెప్పేస్తే నా ఉద్యోగం పోవచ్చు. నాతోపాటు ఊరికి ఆసుపత్రీ పోవచ్చు. సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. రేపు పొద్దున్నే వెళ్ళి ముందు కర్లీకి చెబుతాను. ఆ తర్వాత సంగతి తర్వాత.

మార్చి 19, బుధవారం

ఆరున్నరకల్లా మూడో గదిలో ఉన్నాను. కుర్చీ లాక్కుని చెప్పేశాను. పోయిన వారం నీకు కళ్ళు తిరిగింది ఉక్కకి కాదు, బ్లూ మాత్ర నీకిచ్చాను, దాచాను, తప్పయింది.

కర్లీ అన్నాడు, "నాకు తెలుసు లిన్."

"ఏం తెలుసు?"

"నా మాత్రలు గులాబీ రంగు. అది తెల్లగా ఉంది. చూశాను."

"చూసి ఎందుకు మింగావయ్యా!"

"నువ్విచ్చావు కదా."

నేనక్కడే ఏడ్చేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో రోగి ముందు ఏడవడం మొదటిసారి. ఆ పొద్దున అతణ్ణి చంపగలిగింది ఆ మాత్ర ఒక్కటే కాదు, నా మీద అతనికున్న నమ్మకం కూడా.

"ఏడవకు. గుండెకి మంచిది కాదు, నాకు" అన్నాడు. తర్వాత తనే మొదలెట్టాడు. "బస్సులో పేర్లెందుకు పిలిచేవాణ్ణో తెలుసా? మొదటి ఏడాది పిలిచేవాణ్ణి కాదు. అందరూ తెలిసిన పిల్లలే కదా, అద్దంలో తలలు కనబడుతున్నాయి కదా అని. ఓసారి పీతల పిక్నిక్కి తీసుకెళ్ళి, నిండుగానే ఉందని బస్సు తీసేశాను. సగం దారికొచ్చాక ఎవరో అన్నారు, లినెట్ ఏదీ అని. నువ్వు జెట్టీ కింద ఇసకలో నిద్రపోతున్నావు. పోటు మొదలైంది. నీ బూట్లు తడిశాయి అప్పటికే."

నాకు అది గుర్తే లేదు. ఎనిమిదేళ్ళ పిల్లని.

"మీ నాన్నకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నీకు ఎనిమిది. లెక్క చూస్తే నేనే మెరుగు" అన్నాడు. "ఇక పో. ఆ సన్నటావిడకి చెప్పు."

వెళ్ళి ఫారం నింపాను. గళ్ళ పటంలో ఆకుపచ్చ గడిలో ఉన్న గుర్తు కొట్టేసి, తీసుకెళ్ళి ఎర్ర గడిలో పెట్టాను, నా చేత్తోనే. రెండూ ఫరూజియా ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఎనిమిది రోజులు ఆలస్యంగా రాశారు."

"అవునండీ."

"అప్పుడెందుకు రాయలేదు?"

"సిగ్గేసింది."

"ఇప్పుడెందుకు రాశారు?"

"ఇంకా ఎక్కువ సిగ్గేసింది."

మొట్టమొదటిసారి ఆవిడ మొహంలో ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది. "ఇది చిన్నది కాదు. నేను పైకి రాయాల్సిందే. సరిదిద్దుకోవడానికి రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. కాగితాలు నాకొద్దు, పడక దగ్గర చూపించండి."

బయటికొచ్చి లోసాని పిలిచాను. అందరి ముందూ చెప్పాను. "ఈ పని నీది. ఎలా చెయ్యాలో నువ్వు చెప్పు, మేం చేస్తాం. ముందు నాకు నేర్పు."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, చేతులు మాత్రం అప్పటికే ఎర్ర కాగితాలు కత్తిరిస్తున్నాయి. ఇంత ఓర్పు గల పిల్లని నేను ఎనిమిది వారాలు విసుక్కున్నాను.

ఏం రోజు! తుడిచే ఆవిడ రోగిలా పడుకుంది, వంటావిడ రోగిలా పడుకుంది, మేమందరం వరసగా వెళ్ళి పేరడిగాం. నేను మూడుసార్లు తప్పాను. పేరు నేనే చెప్పేసి "అంతేగా?" అంటున్నాను. "మీరు చెప్పకూడదు సిస్టర్, వాళ్ళ చేత చెప్పించాలి" అంటూ లోసా నన్ను మళ్ళీ గుమ్మం దాకా పంపింది. పాత చార్టులు తిరగేస్తే ఊళ్ళో ఒకే పేరున్న జంటలు పదకొండు తేలాయి. పదకొండు! అందరికీ ఎర్ర కాగితాలు. నా దస్తూరీతో.

మార్చి 20, గురువారం

బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను, సంతోషంతో.

పది గంటలకి మందుల బండితో నేను బయల్దేరాను. వెనక ఫరూజియా, ఆ వెనక లోసా. మూడో గది. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"మీ పూర్తి పేరు చెప్పండి."

కర్లీ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. ఫుట్‌బాల్ మైదానం అవతలి గట్టుకి వినపడేలా అరిచాడు. "విలియం జాన్ పెన్‌రోజ్! పుట్టింది నాలుగు మే, వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై ఏడు! గులాబీ మాత్రలు! తెల్లవిస్తే మింగను!"

నడవా చివర ఆరో గదిలోంచి బ్లూ గొంతు. "ఇంకో విలియం జాన్ పెన్‌రోజ్! పంతొమ్మిది సెప్టెంబర్, నలభై తొమ్మిది! తెల్లవి నావి, ముట్టుకుంటే ఊరుకోను!"

అంతే. రెండో గదీ, ఐదో గదీ, ఎనిమిదో గదీ అందుకున్నాయి. నిన్నటిదాకా లోసాని ఆటపట్టించినవాళ్ళే, అడక్కుండానే పేర్లూ తేదీలూ పాటలా పాడేస్తున్నారు. ఫరూజియా గోడకి ఆనుకుని పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అయినా వదల్లేదు మనిషి. ప్రతి పట్టీ చూసింది, ప్రతి కాగితం సరిచూసింది, ఎవరికీ చెప్పకుండా రెండు చార్టులు తారుమారు చేసి పెట్టింది. లోసా ఒకటి పట్టుకుంది.

రెండోది నేను పట్టుకున్నాను.

మూడింటికి భోజనాల గదిలో తనిఖీ ఫలితం చదివారు. గుర్తింపు నిలిచింది. ఎరుపు గడి మాత్రం ఆరు నెలలు ఎరుపుగానే ఉండాలి, నెలనెలా లెక్క పంపాలి. పడకలు ఉంటాయి! కాగితం మడుస్తూ ఫరూజియా అంది, "చాలా ఊళ్ళు తిరుగుతాను సిస్టర్. అన్నిచోట్లా ఆకుపచ్చ గళ్ళే చూపిస్తారు. ఎర్ర గడి ఉన్న పటం చూస్తే ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పడుతుంది."

బ్లూ కొడుకు బకెట్ నిండా ఉడికించిన పీతలు తెచ్చాడు. ఆసుపత్రి అంతా పీతల వాసన. కర్లీ ఐదు తిన్నాడు. నేను ఆపలేదు.

ఏప్రిల్ 2

పై ఆఫీసు నుంచి నాకు మందలింపు ఉత్తరం వచ్చింది, దాచిపెట్టినందుకు. న్యాయమే. టీ గదిలో అందరికీ కనపడేలా అంటించాను. పక్కనే లోసా ఆరు నెలల పట్టిక.

ఏప్రిల్ 16

మాకు చలికాలం జూన్‌లో, దానికి ముందు వేసే ఫ్లూ సూదులు ఇవాళ. ఊరంతా నడవాలో వరస కట్టింది. సిబ్బంది కూడా. నా వంతొచ్చింది. లోసా సూది పట్టుకుని ఆగింది.

"మీ పూర్తి పేరు చెప్పండి సిస్టర్."

"లినెట్ గ్రేస్ ట్రెవార్తా."

"పుట్టిన తేదీ?"

నాకు నాలుగేళ్ళుగా యాభై తొమ్మిదే. ఊరంతా మర్యాదగా ఒప్పుకుని ఊరుకుంది. నడవాలో నలభై మంది ఉన్నారు. అందరి చెవులూ ఇటే.

"తొమ్మిది నవంబర్, వెయ్యిన్ని తొమ్మిదివందల అరవై ఒకటి" అన్నాను, ఆఖరి కుర్చీ దాకా వినపడేలా.

లోసా నా కాగితం చూసింది, సరిచూసుకుంది, చెయ్యి తుడిచింది. గుచ్చినట్టే తెలియలేదు.

తలుపు దగ్గర చేతికర్రతో నిలబడి ఉన్న కర్లీ అన్నాడు. "ఇక బస్సు కదలొచ్చు."